మిగిలిన సరుకు ఎవరు కొంటారు? లక్సెంబర్గ్, లెనిన్, మన నిజాం రైలు

చిక్కడపల్లి చదువరి
అందరికీ నమస్తే. మా స్టడీ సర్కిల్‌లో ఈ నెల సామ్రాజ్యవాదం నడుస్తోంది. లెనిన్ చిన్న పుస్తకం (1916లో జ్యూరిక్‌లో రాసి, 1917లో అచ్చయినది) పూర్తి చేశాను. గుత్త సంస్థలు, బ్యాంకులూ పరిశ్రమలూ కలిసి తయారైన ఫైనాన్స్ పెట్టుబడి, పెట్టుబడి ఎగుమతి, గుత్త సంస్థలు మార్కెట్లు పంచుకోవడం, రాజ్యాలు భూమి పంచుకోవడం. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

తర్వాత రోజా లక్సెంబర్గ్ 1913లో రాసిన 'పెట్టుబడి సంచయనం' మొదలుపెట్టాను. అక్కడ తల తిరిగింది. కార్మికుడికి జీతం ఇచ్చాక, యజమాని తిన్నది తిన్నాక, అదనపు విలువలో (కూలికి ఇచ్చినదానికి మించి శ్రమ పుట్టించిన విలువ) మిగిలిన భాగం ఉన్న సరుకుని ఎవరు కొంటారు అని ఆవిడ అడుగుతుంది. పెట్టుబడిదారీ వ్యవస్థ లోపల కొనేవాడు లేడు, బయట ఉన్న రైతులూ చేతివృత్తులవాళ్లూ వలసదేశాలే కొనాలి, అందుకే సామ్రాజ్యవాదం అంటుంది. లెనిన్ ఈ మాట అనడు కదా? ఇద్దరూ చెప్పేది ఒకటేనని మా సర్కిల్లో ఒకాయన కొట్టిపారేశారు. నాకు అలా అనిపించట్లేదు. ఇంకోటి, ఇదంతా జర్మనీ, ఇంగ్లండు లెక్కల్లోనే ఉంటుంది. మన హైదరాబాద్‌కి పెడితే ఎలా ఉంటుంది?

లెక్కల మాస్టారు
ఒకటే కాదు తమ్ముడూ. ఆ కొట్టిపారేసినాయన లెనిన్ 1899లో రాసిన రష్యా పుస్తకం చదివినట్టు లేదు. రైతులు చితికిపోతున్నారు, కొనేవాళ్లు లేరు, కాబట్టి రష్యాలో పెట్టుబడిదారీ విధానం ఎదగదు అని నరోద్నిక్కులు (రైతుల పక్షాన మాట్లాడే రష్యా సోషలిస్టులు) అంటుంటే, మార్కెట్టుని పెట్టుబడే తయారు చేసుకుంటుందని లెనిన్ అందులో వాదించాడు. పద్నాలుగేళ్ల తర్వాత రోజా అదే ప్రశ్నని వేరే దారిలో లేపింది. ఆయనకి నచ్చకపోవడంలో వింతేముంది.

ముందు లెక్క చూద్దాం. 'పెట్టుబడి' రెండో సంపుటంలో (మార్క్స్ పోయాక ఎంగెల్స్ 1885లో తెచ్చినది) మార్క్స్ సమాజాన్ని రెండు విభాగాలు చేస్తాడు. ఒకటో విభాగం యంత్రాలూ ముడిసరుకూ తయారుచేస్తుంది. రెండోది తినేవీ కట్టేవీ.

ఒకటో విభాగం: స్థిర పెట్టుబడి (యంత్రాలు, ముడిసరుకు) 4000, అస్థిర పెట్టుబడి (అంటే జీతాలు) 1000, అదనపు విలువ 1000. మొత్తం సరుకు 6000.
రెండో విభాగం: 1500, 750, 750. మొత్తం 3000.

ఒకటో విభాగం యజమానులు తమ 1000లో 500 తిని, 500 తిరిగి పెట్టుబడిలో పెట్టారనుకోండి. పాత నిష్పత్తి ప్రకారం అందులో 400 యంత్రాలకి, 100 కొత్త కూలీలకి. వాళ్ల యంత్రాలు వాళ్లే కొంటారు: 4000 + 400 = 4400. మిగిలినవి 1600. వాటిని రెండో విభాగం కొనాలి. అది నిరుడు 1500 వాడింది, ఇప్పుడు 1600 కొంటుంది, అంటే 100 పెంచింది. దానికి తగ్గట్టు కూలీలకి ఇంకో 50. వాళ్ల 750లో 150 పోగా 600 తింటారు.

ఇప్పుడు రెండో విభాగం తయారుచేసిన 3000 బట్టా బియ్యం ఎవరికి వెళ్లాయి? ఒకటో విభాగం కూలీలకి 1100, యజమానులకి 500, రెండో విభాగం కూలీలకి 800, యజమానులకి 600. కూడండి. 3000. ఒక్క మూర గుడ్డ కూడా మిగల్లేదు. వచ్చే ఏడు మొత్తం ఉత్పత్తి 9000 నుంచి 9800 అవుతుంది. బయటివాడు ఎవడూ రాలేదు.

ఈ లెక్క మార్క్స్‌దే. రోజా దీన్ని చూసే పోట్లాడింది.

మాదాపూర్ నైట్ షిఫ్ట్
మాస్టారూ, లెక్క సమజైంది. మరి లెక్క గింత సాఫ్‌గ కుదిరితే ఆమెకు లొల్లి ఎందుకొచ్చింది?

లెక్కల మాస్టారు
కుదిరినందుకే వచ్చింది. రెండో విభాగం యజమానులు ఎంత దాచాలో ఎవరు చెప్పారు? సరిగ్గా 100, 50 పెంచాలని వాళ్లకేం తెలుసు? ఒకటో విభాగం గెంతితే రెండోది దాని వెనక తోకలా కదులుతోంది, కాగితం మీద అంకెలు కుదిర్చినట్టుంది అని రోజా ఆరోపణ. ఇంకా ముఖ్యమైంది, ఎవరి కోసం పెంచుతున్నారు? యంత్రాలు చేయడానికి యంత్రాలు, వాటితో ఇంకా యంత్రాలు. పెరిగే గిరాకీ ముందే కనబడకుండా ఏ యజమాని విస్తరిస్తాడు? పైగా ఏటా యంత్రాల వాటా పెరిగి కూలీల వాటా తగ్గుతుంటే ఈ సమీకరణం నిలవదంటుంది.

దీనికి ఆస్ట్రియా మార్క్సిస్టు ఒట్టో బౌవర్ అదే 1913లో జవాబు రాశాడు: జనాభా పెరిగే వేగంతో సంచయనం నడిస్తే చాలు, పట్టిక నిలుస్తుందని. ఆమె జైల్లో కూర్చుని 1915లో ప్రతివిమర్శ రాసింది. ఆమెని చంపేశాక 1921లో గానీ అది అచ్చుకాలేదు. 1924లో రష్యా బోల్షెవిక్ బుఖారిన్ వచ్చి, మిగులు మొత్తం ఒక్కరోజులో ఒకేచోట డబ్బుగా మారాలని ఈవిడ ఊహించుకుంది, డబ్బు చేతులు మారుతూ ముక్కలుగా అమ్ముడవుతుందన్న సంగతి వదిలేసింది అన్నాడు. తర్క పరంగా బుఖారిన్‌దే పైచేయి, నా దృష్టిలో. 1929లో హెన్రిక్ గ్రాస్‌మన్ అనే మార్క్సిస్టు ఆర్థికవేత్త బౌవర్ పట్టికనే తీసుకుని ఇంకా ముందుకు లాగాడు. 35వ ఏట అది కూలింది. కొనేవాడు లేక కాదు, పెట్టుబడి పెరిగినంతగా అదనపు విలువ చాలక. ఎవడి పట్టికతో వాడికే చెంపపెట్టు, చూడండి.

మార్కెట్ మనిషి
ఆసక్తిగా చదువుతున్నాను. నేను మీ పార్టీ కాదు, ముందే చెప్తున్నా. ఒక్క ప్రశ్న. వలసదేశాలు లేకపోతే పెట్టుబడిదారీ వ్యవస్థ ఊపిరాడక చస్తుందని ఆమె సిద్ధాంతం. 1945 తర్వాత ఇరవై పాతికేళ్లలో వలసదేశాలు దాదాపు అన్నీ చేజారిపోయాయి. అదే సమయంలో పశ్చిమ జర్మనీ, జపాన్, ఫ్రాన్స్ మునుపెన్నడూ లేనంత వేగంగా పెరిగాయి. చచ్చిందెక్కడ? లెనిన్‌కీ ఇదే సమస్య. 1914 నాటికి బ్రిటన్ బయట పెట్టిన డబ్బులో అమెరికాకే ఐదో వంతు. భారత్, సిలోన్ కలిపి పదో వంతు మాత్రమే. తక్కువ కూలి, ఎక్కువ లాభం కోసం వలసలకి పరిగెత్తారన్న కథకి ఈ అంకెలు సరిపోవు.

ఓయూ ఎకనామిక్స్
అంకెలు సరైనవే. మొదటి ప్రశ్నకి రోజా పుస్తకంలోనే చివరి అధ్యాయం ఉంది, సైన్యం మీద. పన్నులు వసూలు చేసి ప్రభుత్వమే ఆయుధాలు కొంటే అదే ఒక మార్కెట్ అంటుంది. బరాన్, స్వీజీ అనే మార్క్సిస్టు ఆర్థికవేత్తలు 1966లో అమెరికా గురించి ఈ దారిలోనే వెళ్లారు: మిగులుని మింగడానికి సైనిక ఖర్చు, ప్రకటనలు, అమ్మకాల హడావిడి. అది పూర్తి సమాధానం అని నేననను. యుద్ధంలో నేలమట్టమైన దేశాలు తిరిగి కట్టుకోవడం కూడా ఉంది, దాన్ని ఏ సిద్ధాంతం ఖాతాలో వేసుకున్నా అనుమానంగానే చూడాలి.

రెండోదానికి మాత్రం గట్టిగా జవాబుంది. బ్రిటన్ ఎక్కడ పెట్టిందన్నది ఒకటి, పెట్టడానికి డబ్బు ఎక్కడిదన్నది ఇంకొకటి. ఐరోపాతో, అమెరికాతో వ్యాపారంలో బ్రిటన్‌కి లోటు. ఆ లోటు పూడ్చడానికి భారత్ ఎగుమతుల మిగులు బాగా అక్కరకొచ్చింది. మన మిగులు మనకెందుకు రాలేదంటే, కౌన్సిల్ బిల్లులు.

చిక్కడపల్లి చదువరి
అక్కా, కౌన్సిల్ బిల్లులు కాస్త విడమరచి చెప్పరా? ప్రతి పుస్తకంలో పేరు వస్తుంది, ఎలా పనిచేసిందో ఎవరూ రాయరు.

ఓయూ ఎకనామిక్స్
లండన్ వ్యాపారి కోస్తా నుంచి నూనెగింజలు కొన్నాడనుకో. డబ్బు ఇండియాకి పంపాలి. బంగారం పంపడు. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆఫీసుకి వెళ్లి పౌండ్లు కట్టి ఒక బిల్లు కొనుక్కుంటాడు. ఆ కాగితం ఇక్కడికి వస్తుంది. ఇక్కడ ప్రభుత్వ ఖజానా దానికి రూపాయలు ఇస్తుంది. ఎగుమతిదారుకి రూపాయలు అందాయి, రైతుకి అందులో ఎంతో కొంత చేరింది. అందరికీ సొమ్ము ముట్టినట్టే కనిపిస్తుంది.

కానీ ఖజానా ఇచ్చిన ఆ రూపాయలు ఎక్కడివి? అదే రైతు కట్టిన శిస్తు. వాడి పంటకి వాడి పన్నుతోనే ధర చెల్లించారు. పౌండ్లు లండన్‌లోనే ఉండిపోయాయి. వాటితో హోమ్ చార్జీలు కట్టారు: పెన్షన్లు, అప్పుల మీద వడ్డీ, రైల్వే కంపెనీలకి హామీ ఇచ్చిన వడ్డీ, సైన్యం ఖర్చు. 1765లో దివానీ (శిస్తు వసూలు హక్కు) వచ్చిన దగ్గర్నుంచి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ శిస్తుతోనే బెంగాల్ సరుకు కొని పంపింది. ఇది దానికే మెరుగుపెట్టిన రూపం.

దాదాభాయి నౌరోజీ చెప్పిన సంపద తరలింపు ఇదే. మార్క్స్ కూడా 1881లో తన రష్యన్ అనువాదకుడు డేనియల్సన్‌కి రాసిన ఉత్తరంలో, హిందువులకి పనికిరాని రైల్వేల మీద డివిడెండ్లు, పెన్షన్లు అని జాబితా వేసి దీన్ని రక్తం పీల్చడం అంటాడు. 1853లో న్యూయార్క్ పత్రికకి రాస్తూ రైళ్ల మీద పెట్టుకున్న ఆశ ఆ ఉత్తరంలో లేదు. ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ 1765 నుంచి 1938 వరకూ ఈ తరలింపుని వడ్డీ కలిపి దాదాపు 45 లక్షల కోట్ల డాలర్లుగా అంచనా వేశారు. ఏటా 5 శాతం చక్రవడ్డీ వేసినందువల్ల అంత పెద్ద అంకె వచ్చింది. వడ్డీ రేటు మార్చితే అంకె మారిపోతుంది, అది గుర్తుపెట్టుకుని వాడండి. వాట్సాప్‌లో ఊరికే తిప్పకండి.

మార్కెట్ మనిషి
ఆ చివరి మాటకి ధన్యవాదాలు. పద్ధతి అర్థమైంది. కానీ మేడమ్, ఇది కప్పం. రాజులు రాజుల్ని దోచుకున్నట్టే. దీనికి మార్క్స్ పట్టికలెందుకు?

నాంపల్లి పాత కాగితాలు
నేను ఇక్కడ అడుగుపెట్టాల్సిందే. హైదరాబాద్‌కి వద్దాం, చదువరి అడిగింది అదే కదా.

ఇక్కడ బ్రిటిష్ పాలన లేదు. సొంత నిజాం, సొంత హాలీ సిక్కా రూపాయి, సొంత ఖజానా. కౌన్సిల్ బిల్లు పప్పులు ఇక్కడ నేరుగా ఉడకవు. అయినా లండన్‌కి ఏటా డబ్బు పోయింది. ఎలా?

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో విలియం పామర్ కంపెనీ అని రెసిడెన్సీ (నిజాం దగ్గరి బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) అండ చూసుకున్న వడ్డీ దుకాణం ఒకటి ఉండేది. రెసిడెంటు చెప్పుచేతల్లో ఉన్న సైన్యానికి నిజాం జీతాలివ్వాలి. ఖజానాలో లేదు. పామర్ల దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పు. ఆ గొడవ ముదిరి కంపెనీ మునిగింది. సైన్యం ఖర్చు బాకీ మాత్రం మునగలేదు. దాని పేరు చెప్పే 1853లో బేరార్ (ఇప్పటి విదర్భలో ఒక భాగం) రాసిచ్చాం. మంచి పత్తి నేల.

తర్వాత రైలు. వాడి జంక్షన్ (ఇప్పటి కర్ణాటకలోని ఊరు) నుంచి సికింద్రాబాద్‌కి 1874లో లైను పడింది. బొంబాయి మద్రాసు లైనుకి కంటోన్మెంటుని కలపడం రెసిడెన్సీకి ముఖ్యం. ఖర్చు నిజాంది. 1883లో ఆ లైనుని లండన్‌లో పుట్టించిన ఒక కంపెనీకి అప్పగించారు. పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ అన్న మాటే కథంతా. వాటాదారుకి వడ్డీ వచ్చి తీరుతుందని నిజాం ఖజానా హామీ. రైలు ఖాళీగా తిరిగినా సరే. 1889కి వరంగల్ మీదుగా బెజవాడ చేరింది.

దీన్ని అప్పుడే వ్యతిరేకించినవాళ్లు ఉన్నారు ఈ ఊళ్లో. అఘోరనాథ్ చటోపాధ్యాయ (సరోజినీ నాయుడు తండ్రి), ముల్లా అబ్దుల్ ఖయ్యూం. చాందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే పథకం లెక్కలు బయటపెట్టండి, జనం ముందు చర్చించండి అన్నారు. అఘోరనాథ్‌ని 1883లో రాజ్యం నుంచే పంపించేశారు. నాంపల్లిలో గోల్డెన్ త్రెషోల్డ్ ముందు నుంచి రోజూ ఎన్ని వేలమంది మెట్రోకి పోతారో. ఆ ఇంటాయన రైలు అప్పు గురించి ప్రశ్నించి ఊరు విడిచాడని ఎంతమందికి తెలుసు?

గోదావరిఖని బిడ్డ
పాత కాగితాలు అన్నా, బొగ్గు సంగతి కూడా చెప్పు. మా తాత, మా బాపు ఇద్దరూ బొగ్గు బాయి పనే. ఇల్లందుల బొగ్గు దొరికింది 1871ల కింగ్ దొర వల్ల అని చిన్నప్పటి సంది విన్నం. పైసలు యాడికి పోయినయో ఎవ్వరు చెప్పలె.

నాంపల్లి పాత కాగితాలు
లండన్‌కే పోయాయి తమ్మీ. 1886లో గనుల హక్కు ఒక రాయితీగా ఇచ్చారు. దాని మీద హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని లండన్‌లో పెట్టారు. బొగ్గు తట్ట పైకి రాకముందే వాటాల వ్యాపారం మొదలైంది. రాయితీ సంపాదించినవాళ్లు ఎక్కువ వాటాలు తమకే రాసుకున్నారు. విచిత్రం ఏంటంటే, ఆ వాటాల్లో కొన్నిటిని నిజాం ప్రభుత్వం చేతే కొనిపించారు. మన గనిని వాళ్లకిచ్చి, ఆ గని వాటాల్ని మళ్లీ మన డబ్బుతో మనం కొన్నాం! గొడవై 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. బేరం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ పదవి ఊడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. వాటాలు లండన్ ఎక్స్ఛేంజిలో నడిచేవి. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటా కొనుక్కుంది.

మార్కెట్ మనిషి గారూ, ఇప్పుడు చెప్పండి. ఇది పాతకాలం కప్పమా? కప్పం తీసుకునే రాజు ప్రాస్పెక్టస్ (వాటాలు అమ్మే ప్రకటన పత్రం) అచ్చువేయడు.

లెక్కల మాస్టారు
ఇక్కడే రోజా మళ్లీ నాకు కావాల్సి వచ్చింది. పట్టిక విషయంలో ఆమె ఓడిపోయిందని పైన నేనే రాశాను, దానికి కట్టుబడి ఉన్నా. కానీ పుస్తకం మూడో భాగంలో అంతర్జాతీయ అప్పుల మీద ఒక అధ్యాయం ఉంది. ఈజిప్టు ఖేదివ్ (పాలకుడు) ఇస్మాయిల్ అప్పుల కథ. లండన్, పారిస్ బ్యాంకులు అప్పిచ్చాయి. ఆ డబ్బు ఈజిప్టులో ఆగిందా? కాలువలు, రైళ్లు, ఆవిరి నాగళ్ల ఆర్డర్లుగా మళ్లీ ఐరోపా కార్ఖానాలకే వెళ్లింది. అప్పు తీర్చింది ఫెల్లా, అంటే అక్కడి రైతు. శిస్తు పెంచి, వెట్టి చేయించి వసూలు చేశారు.

ఖేదివ్ బదులు నిజాం అని రాయండి, ఫెల్లా బదులు తెలంగాణ రైతు అని రాయండి. పట్టాలు, ఇంజన్లు అక్కడివే. అంటే ఒకటో విభాగం సరుకు బయట అమ్ముడుపోయింది. కొన్నది ఎవరు? చేతిలో పైసా లేని రైతు. వాడు మార్కెట్‌కి వచ్చి ఇంజను కొనలేదు. వాడి తరపున ఖజానా కొంది, వాడి దగ్గర తర్వాత వసూలు చేసింది. పేదవాడు గిరాకీ ఎలా అవుతాడన్న ప్రశ్నకి ఇదే సమాధానం. అప్పు, పన్ను, రాజ్యం మూడూ కలిస్తే అవుతాడు.

చదువరీ, ఇప్పుడు నీ ప్రశ్న. ఇందులో లెనిన్ ఉన్నాడు: పెట్టుబడి ఎగుమతి, లండన్ బ్యాంకులు. రోజా ఉంది: బయటి కొనుగోలుదారు. నౌరోజీ ఉన్నాడు: శిస్తు. మా సర్కిళ్లలో ఏళ్ల తరబడి మొదటి ఇద్దరికీ కుస్తీ పెట్టించాం. మూడో ఆయన్ని జాతీయవాది అని పక్కన కూర్చోబెట్టాం. ఆయన్ని పక్కన పెడితే నిజాం రైలు అర్థం కాదు.

ఓయూ ఎకనామిక్స్
మాస్టారూ, ఒప్పుకుంటాను, ఒక్క మెలికతో. ఎగుమతి అయిన పెట్టుబడి అని మనం తేలిగ్గా అనేస్తున్నాం. నష్టం వచ్చే ప్రమాదం మోసినవాడే పెట్టుబడిదారు అనుకుంటే, గ్యారంటీ రైల్వేలో పెట్టుబడిదారు నిజాం ఖజానాయే. లండన్ వాటాదారుది వడ్డీ వ్యాపారం. బ్రిటిష్ ఇండియాలో 1849 ఒప్పందాలు కూడా ఇలాంటివే, ఏటా 5 శాతం ఖాయం. అందుకే ఆ కంపెనీలు ఖర్చు గురించి పట్టించుకోలేదు, ఎంత ఎక్కువ ఖర్చయితే అంత ఎక్కువ మీద వడ్డీ. ఎక్కువ లాభాల రేటు వెతుక్కుంటూ పెట్టుబడి వచ్చిందన్న లెనిన్ వాక్యం ఇక్కడ సరిగ్గా కూర్చోదు. లాభం వెతుక్కోలేదు, హామీ వెతుక్కుంది.

మార్కెట్ మనిషి
దీంతో నేను ఏకీభవిస్తాను, నవ్వకండి. హామీ ఇచ్చే ప్రభుత్వం ఉంటే ఎవడైనా చెడిపోతాడు. మేము దీన్ని మార్కెట్ వైఫల్యం అనం, మార్కెట్ లేకపోవడం అంటాం.

లెక్కల మాస్టారు
మార్కెట్ తనంతట తానుగా పట్టాలేసిన వలసదేశం ఒకటి చూపించండి, మళ్లీ మాట్లాడుకుందాం.

మాదాపూర్ నైట్ షిఫ్ట్
అన్నా, 1883 ఖతం. గిప్పటి ముచ్చట చెప్పుండ్రి. నేను రాత్రంత కూసొని అమెరికా బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్త. అక్కడ నా పని చేసేటోనికి నాకన్న ఎన్నో రెట్ల జీతం. నన్ను పీల్చి అమెరికా కార్మికుడు బతుకుతున్నడా? ఇంకోటి, 2023ల కోకాపేటల ఎకరం 100 కోట్లు పలికింది. మా పెద్దనాయిన అక్కడ్నే జొన్నలేసిండు. ఇది ఆదిమ సంచయనమా, ఏంది?

ఓయూ ఎకనామిక్స్
జీతం సంగతి. నువ్వు అడిగింది ఆర్థికవేత్త ఎమాన్యుయేల్ 1969లో అడిగిన అసమాన మారకం ప్రశ్నే. కూలి రేట్లలో తేడా వల్ల పేద దేశం ఎక్కువ శ్రమ ఇచ్చి తక్కువ శ్రమ తెచ్చుకుంటుందని ఆయన వాదన. మార్క్స్ మొదటి సంపుటంలో దేశాల మధ్య కూలి తేడాల మీద చిన్న అధ్యాయం రాశాడు. అక్కడ ఆయన జాగ్రత్త నేర్పుతాడు: కూలి ఎంత అని ఒక్కటే చూడకు, ఆ కూలికి ఎంత ఉత్పత్తి వస్తుందో కూడా చూడు. కార్ఖానాలో ఈ రెండూ వేరువేరు దేశాల్లో బాగా తేడాగా ఉండేవి. నీ విషయంలో అదే లాప్‌టాప్, అదే కోడ్, అదే క్లయింటు. ఉత్పాదకత తేడా చూపించి జీతం తేడాని సమర్థించడం నీ రంగంలో చాలా కష్టం. తేడా డబ్బు అక్కడి కార్మికుడికి పోదు, కంపెనీ లాభానికి పోతుంది. వాడి ఉద్యోగం నీ పేరు చెప్పే తీసేస్తారు కూడా. మూడో సంపుటం 14వ అధ్యాయంలో లాభాల రేటు పడిపోవడాన్ని ఆపే కారణాల్లో విదేశీ వ్యాపారం ఒకటి. అది చదువు, నీ షిఫ్టు కనిపిస్తుంది.

అయితే దీన్ని నిజాం రైలుతో సమానం చేయను. నీ జీతంలోంచి ఎవరూ లండన్‌కి హామీ వడ్డీ కట్టట్లేదు.

లెక్కల మాస్టారు
కోకాపేట సంగతి నేను చెప్తా. 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది, అవును. ఈ అంకె చూసి చాలామంది పెట్టుబడి సంచయనం అని రాసేస్తారు. భూమికి శ్రమ విలువ లేదు. దాని ధర అంటే ముందు ముందు వచ్చే అద్దెని ఇవాళ్టి వడ్డీ రేటుతో లెక్కగట్టడం. ఎకరం మీద ఏటా 5 కోట్ల అద్దె వస్తుందని ఆశపడి, వడ్డీ 5 శాతం అనుకుంటే ధర 100 కోట్లు. ఆ అద్దె ఎవరు కడతారు? నీ షిఫ్టు నడిచే కంపెనీ, నువ్వు, ఫ్లాటు కొనుక్కుని ఇరవయ్యేళ్లు ఈఎంఐ కట్టే నీ పక్కసీటువాడు. ఎక్కడో పుట్టిన అదనపు విలువలో వాటా అది. అక్కడ పుట్టింది కాదు.

మీ పెద్దనాన్న చేతిలోంచి ఆ నేల ఎలా పోయిందన్నది వేరే ప్రశ్న. 2003లో డేవిడ్ హార్వే పుస్తకం వచ్చాక లాక్కోవడం ద్వారా సంచయనం అన్న మాట అందరి నోళ్లలో పడింది. మంచి మాటే, కానీ ప్రతి వేలానికీ అంటిస్తే అర్థం అరిగిపోతుంది. మార్క్స్ చెప్పిన ఆదిమ సంచయనంలో కంచె వేసి భూమి లాక్కోవడం సగమే. భూమి పోయినవాడు కూలికి రాక తప్పకపోవడం మిగతా సగం. మొదటి సంపుటం చివర్లో పీల్ అనే పెద్దమనిషి ఆస్ట్రేలియాకి 50 వేల పౌండ్ల సామానూ, 3 వేలమంది పనివాళ్లనీ తీసుకెళ్తాడు. అక్కడ ఖాళీ భూమి చూసి అందరూ వెళ్లిపోతారు. ఆయనకి పక్క వేయడానికీ, ఏటి నుంచి నీళ్లు తేవడానికీ ఒక్క నౌకరు మిగల్లేదు. డబ్బుంది, పనిముట్లున్నాయి, పెట్టుబడి మాత్రం లేదు. మీ పెద్దనాన్న పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు?

మాదాపూర్ నైట్ షిఫ్ట్
ఒకడు ఆ టవర్ల సెక్యూరిటీ. ఇంకొకడు పైసలు రాంగనే కార్లు కొని క్యాబ్ తిప్పుతున్నడు, ఒక కారు ఈఎంఐ కట్టలేక పోయింది.

లెక్కల మాస్టారు
అయితే నీ ప్రశ్నకి సగం అవును.

గోదావరిఖని బిడ్డ
మాస్టారూ మంచిగ చెప్పిన్రు. నాదొక అనుమానం. 1945ల నిజాం సర్కారు సింగరేణి వాటాలు కొన్నదన్నరు. 1930ల రైలు కూడా కంపెనీ నుంచి తిరిగి తీసుకున్నదని విన్న. ఏండ్ల తరబడి వడ్డీ కట్టినంక, అదే ఆస్తిని మళ్లా పైసలిచ్చి కొన్నరు. అంటే ఒక్క రైలుకు రైతు రెండుసార్లు కట్టిండా?

నాంపల్లి పాత కాగితాలు
రెండు కాదు, మూడు. వాడి జంక్షన్ లైను మొదట్లోనే నిజాం డబ్బుతో పడింది కదా. కట్టినప్పుడు ఒకసారి, గ్యారంటీ కింద ఒకసారి, 1930లో తిరిగి తీసుకునేటప్పుడు ఒకసారి. మధ్యలో కంపెనీ ఆ లైనుకి నిజాంకి ఇచ్చిన సొమ్ముని ఇందులోంచి తీసేయాలి, ఆ మేరకి మొదటి ఖర్చు కొంత వెనక్కి వచ్చినట్టు. ఆ కూడికా తీసివేతా సరిగ్గా చేసి చూపించాలని నాకు చాన్నాళ్లుగా ఉంది.

మార్కెట్ మనిషి
చేయండి. టిక్కెట్లు, సరుకు రవాణా మీద వచ్చిన ఆదాయం కూడా అందులో వేయండి, దయచేసి. రైలు వల్ల కరువులో ధాన్యం చేరిన లాభం కూడా.

ఓయూ ఎకనామిక్స్
కరువులో ధాన్యం ఎటువైపు చేరిందో కూడా చూడాలి. రైలు రెండువైపులా నడుస్తుంది.

మోడరేటర్
దారం బాగుంది. ఒకరిద్దరు కొత్త సభ్యులు పార్టీల మీద తిట్లు రాస్తే తీసేశాను. అంశం మీద ఉండండి.

చిక్కడపల్లి చదువరి
అందరికీ థాంక్స్. వచ్చే ఆదివారం మా సర్కిల్లో మాస్టారి పట్టిక బోర్డు మీద వేసి మొదలుపెడతా, తర్వాత రైలు. కౌట్‌స్కీ 1914లో చెప్పిన అతి సామ్రాజ్యవాదం గురించి ఇంకో దారం తెరుస్తాను, ఇందులో కలిపితే పాడవుతుంది.

నాంపల్లి పాత కాగితాలు
నేను సోమవారం తార్నాక ఆర్కైవ్స్‌కి వెళ్తున్నా, 1883 రైల్వే ఫైళ్లు అడుగుతా. ఇంగ్లిష్ కాగితాలు నేను చూసుకుంటా. ఆ కాలం దర్బారు కాగితాలు ఫార్సీలో ఉంటాయి, నాకు ఉర్దూ వచ్చు గానీ షికస్తా దస్తూరీ (గొలుసుకట్టు చేతిరాత) చదవలేను. ఎవరైనా తోడు రాగలరా?

గోదావరిఖని బిడ్డ
మా కాలనీల ఒక మౌల్వీ సాబ్ ఉన్నరు, పాత దస్తావేజులు చదువుతరు. ఉప్పల్ నుంచి పదింటికి తోలుకొస్త. ఆధార్ కార్డు తేవాల్నా అన్నా లోపటికి?

నాంపల్లి పాత కాగితాలు
తీసుకురా. పెన్సిల్ కూడా, పెన్ను లోపలికి రానివ్వకపోవచ్చు.